పక్కవాద్యపు సాఫ్ట్‌వేరు: ప్రారంభకులకు వేరు ప్రతి అవసరమా?

శ్రుతి తల్లి, లయ తండ్రి అని సంగీతజ్ఞులు చెప్పుదురు. ఈ తలిదండ్రులిద్దరును నేడు చేతిలో ఇముడు ఫోనులోనికి ప్రవేశించినారు. తంబురా నాదమును వినిపించు యాప్‌లు, తాళము వేయు యాప్‌లు, తబలా మృదంగముల వాయింపును అనుకరించు యాప్‌లు ఎన్నో కలవు. కొందరు విద్వాంసులు సైతము సాధకమునకు వీటిని వాడుచున్నారు. అయితే వీటిలో పెద్ద వాటి తెర మీటలతోను, అంకెలతోను, పట్టికలతోను నిండియుండును. దానిని చూచి క్రొత్తవారు బెదరుదురు గనుక వారి కొరకు సులభ ప్రతులు వేరుగా ఉండవలెనని ఒక వాదము. మొదటినుండియు పూర్తి పరికరమునే వాడుట మేలని మరియొక వాదము. ఈ రెండింటిలో ఏది యుక్తమో విచారించుట అవసరము.

ఇది కాలక్షేపమునకు సంబంధించిన చర్చ కాదు. నిజామాబాదులో ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాల కలదు. అటువంటి చోట విద్యార్థి ప్రక్కన గురువు కూర్చుండి శ్రుతి తప్పినప్పుడెల్ల సరిదిద్దగలడు. కాని బోధన్, ఎడపల్లి, రెంజల్, కోటగిరి, వర్ని ప్రాంతములలో చెరకును వరిని పండించు గ్రామములనుండి బాలబాలికలు ప్రతిదినము పట్టణమునకు వచ్చి పోవుట తేలిక కాదు. వారమునకు ఒకటి రెండు పాఠములు, తక్కిన దినములలో ఇంటివద్ద సాధకము, ఇంతవరకే చాలమందికి సాధ్యము. మిరజ్‌లోనో తంజావూరులోనో తయారైన తంబురాను కొని తెచ్చుట ఖర్చుతో కూడిన పని. కొన్నను, బిరడలు త్రిప్పి శ్రుతి చేయుట రానంతవరకు అది పలుకదు. కావున ఇంటిలోనున్న ఫోనే ఆ విద్యార్థికి తంబురా. వారములో ఐదారు దినములు చెవికి గురువు కూడ అదియే. అది ఏ నాదమును వినిపించునో ఆ నాదమే చెవిలో నాటుకొనును. అందుచేత ఆ యంత్రములో ఏది తగ్గింపవచ్చును, ఏది తగ్గింపరాదు అను ప్రశ్నను శాస్త్రదృష్టితో పరిశీలింపవలసి యున్నది.

తంబురా చేయు పని

తంబురాకు సాధారణముగా నాలుగు తంత్రులుండును. మొదటిది మంద్ర పంచమము, నడిమి రెండును సారణులు, అనగా మధ్య షడ్జములు, చివరిది మంద్ర షడ్జము. మెట్లు లేవు, ప్రత్యేకమైన వ్రేళ్ల నేర్పు అక్కరలేదు. చూపునకు ఇది సులభవాద్యమే. కాని దాని ధ్వని మిక్కిలి సంపన్నమైనది. తంత్రి మొత్తముగా కంపించుటయే గాక రెండు, మూడు, నాలుగు, ఐదు భాగములుగా కూడ ఒకేసారి కంపించును. లెక్క సులువుగా నుండుటకు మంద్ర షడ్జము సెకనుకు 120 కంపనములు అనుకొందురు గాక. అప్పుడు దానితోపాటు 240, 360, 480, 600 కంపనముల అనుస్వరములు కూడ పుట్టును. వీటిలో 240 మధ్య షడ్జము. 360 దాని పంచమము. 480 తార షడ్జము. 600 తారస్థాయి అంతర గాంధారము. ఎవరును గాంధార తంత్రిని మీటకుండగనే ఈ గాంధారము వినబడును గనుక దీనిని స్వయంభూ గాంధారమందురు.

అనుస్వరములు ఏ తంత్రిలోనైనను కలవు. తంబురా ప్రత్యేకత వాటి బలము. సి. వి. రామన్ 1921లో కలకత్తానుండి ప్రకటించిన పరిశోధనా పత్రములో వీణా తంబురాల గుఱ్ఱమును, అనగా తంత్రులను మోయు చెక్కను, పరిశీలించిరి. తంత్రిని ఏ బిందువువద్ద మీటుదురో, ఆ బిందువు నిశ్చలముగా నుండవలసిన అనుస్వరము పుట్టరాదని యంగ్ నియమము. ఈ వాద్యములలో అట్టి అనుస్వరములు కూడ బలముగా వినబడుచున్నవని రామన్ చూపిరి. వయొలిను గుఱ్ఱము అంచు సన్నముగా నుండగా, వీణా తంబురాల గుఱ్ఱము వెడల్పుగా వంపుతో నుండును. కంపించుచున్న తంత్రి ఆ వంపును మాటిమాటికి తాకుచుండును. తంబురాలో తంత్రి క్రింద ఒక నూలుపోగును జరిపి ఈ తాకిడిని సరిచేయుదురు. నాదమునకు జీవము వచ్చినదని గాయకులు చెప్పునది దీనినే.

దీనికిని ప్రారంభకునికిని సంబంధమేమి? కర్ణాటక సంగీతములో మొదటి పాఠములైన సరళీ స్వరములు మాయామాళవగౌళ రాగములో నుండును. ఈ క్రమమును పురందరదాసు ఏర్పరచెనని సంప్రదాయము. ఆ రాగములో మూడవ స్వరము అంతర గాంధారము. అనగా మొదటి దినమున నేర్చుకొను మూడవ స్వరమునకు సాక్ష్యము తంబురాలోనే కలదు. విద్యార్థి 240 షడ్జముగా పాడునపుడు గాంధారమును 300 వద్ద నిలిపినచో, ఆ కంఠధ్వనిలోని రెండవ అనుస్వరము 600. అది తంబురాలోని 600తో కలిసిపోవును. స్థాయిని 12 సమభాగములు చేసిన వాద్యమును అనుసరించి పాడినచో గాంధారము సుమారు 302.4 వద్ద పడును. దాని రెండవ అనుస్వరము సుమారు 604.8. అప్పుడు సెకనుకు దాదాపు 5 విస్పందనములు కలుగును. చెవికి అది ఒక గరగరగా తోచును. గమకములతో పాడునపుడు స్వరము ఒకచోట నిలువదు, నిజమే. కాని ప్రారంభకుడు గాంధారమును నిలిపియే పాడును. ఈ గరగరను గుర్తించి తనంతట తాను సరిదిద్దుకొనుటయే శ్రుతిజ్ఞానము.

గమనింపదగినది ఏమనగా, పూర్వులు పాఠమును సులభము చేసిరి గాని శ్రుతిని సులభము చేయలేదు. సరళీ స్వరములు పాడు బాలునికిని, కచేరి చేయు విద్వాంసునికిని వెనుక మ్రోగునది ఒకే తంబురా.

వెనుకటి సులభీకరణము ఒకటి

పక్కవాద్యమును సులభము చేయు యత్నము క్రొత్తది కాదు. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబాఁ హార్మోనియమునకు పేటెంటు పొందెను. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో దానిని నేలపై కూర్చుండి ఒక చేత తిత్తి ఊదుచు వాయించుటకు వీలైన రూపమునకు తెచ్చెను. సారంగి వంటి వాద్యముపై పట్టు సాధించుటకు ఏండ్లు పట్టును. హార్మోనియముపై మెట్టు నొక్కినచో స్వరము పలుకును. బోధన్ ప్రాంతపు భజనమండలులలో తెలుగు కీర్తనకును, మరాఠీ అభంగమునకును ఇదియే తోడు. ఎందరో సామాన్యులను గొంతెత్తి పాడునట్లు చేసిన ఘనత దీనికి చెందును.

కాని మెట్టు ఎక్కడ నున్నదో స్వరము అక్కడనే పలుకును. గమకము రాదు, 12 సమభాగముల గాంధారమే వినబడును. ఈ కారణములతో ఆలిండియా రేడియో 1940లో హార్మోనియమును నిషేధించి 1971లో ఆ నిషేధమును సడలించెను. నిషేధము అతిగా నుండెనని నేడు చెప్పవచ్చును. అయినను నిషేధించినవారు గుర్తించిన లోపము మాత్రము నిజమైనది. సులభీకరణము సంగీతమును పదిమందికి అందించును. ఆ సులభత ఎక్కడ చేయబడినదను దానినిబట్టి చెవికి నష్టము కూడ కలిగింపగలదు. ఈ రెండును ఏకకాలమున సత్యములే.

తరువాత 1979లో బెంగుళూరులో జి. రాజ్ నారాయణ్ అను ఇంజనీరు ఎలక్ట్రానిక్ తంబురాను రూపొందించెను. ఆయన స్వయముగా వేణువాదకుడు. అచట సులభమైనది మీటుటయు, మోయుటయు. శ్రుతిని సన్నగా సరిచేయు బిరడ మాత్రము యంత్రములో నిలిచియున్నది. హార్మోనియమునకును దీనికిని గల భేదము ఈ చర్చకు మూలమైనది.

మూడు విధములైన సులభ ప్రతులు

బోధన్‌లోని శక్కర్‌నగరులో 1937లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది. అయినను చెరకును పిండినపుడు ఏది రసమో, ఏది పిప్పియో ఆ ప్రాంతపు పిల్లలకు ఎవరును చెప్పనక్కరలేదు. పక్కవాద్యపు సాఫ్ట్‌వేరులో కూడ ఈ విభజన చేయవలెను. సులభ ప్రతి అనబడునది మూడు విధములుగా తయారు కావచ్చును: మీటలను దాచునది, సౌకర్యములను తీసివేయునది, నాదమునే కుదించునది.

మొదటి విధము మేలైనది. దీనికి కంప్యూటరు శాస్త్రములో మంచి ఆధారము కలదు. అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన జాన్ కారల్, కారొలైన్ కారితర్స్ 1984లో ఒక పరిశోధనను ప్రకటించిరి. ఉత్తరములు వ్రాయు ప్రోగ్రాములో క్రొత్తవారు తరచుగా చిక్కుకొను కొన్ని మార్గములను వారు మూసివేసిరి. ఆ అంశములు తెరపై కనబడుచునే యుండును. ఎంచుకొన్నచో అది ప్రస్తుతము లభింపదని యంత్రము చెప్పును. పిల్లల సైకిలునకు అమర్చు అదనపు చక్రముల పేరును ఈ పద్ధతికి పెట్టిరి. ఇట్లు నేర్చుకొన్నవారు త్వరగా పనిలో ప్రవేశించిరి. పొరపాట్లపై వ్యర్థమగు కాలము తగ్గినది. అయితే వారు వ్రాసిన ఉత్తరము మాత్రము సంపూర్ణమైన ఉత్తరమే. బాసరలో అక్షరాభ్యాసము చేయించునపుడు కూడ ఇంతే. అక్షరమును సగము చేయరు, పిల్లవాని చేయి పట్టుకొని పూర్తి అక్షరమును దిద్దింతురు.

రెండవ విధమును గూర్చి ఒక్కమాటలో తీర్పు చెప్పరాదు. తీసివేసిన సౌకర్యము ఏదో చూడవలెను. పంచమము లేని రాగములకై తంబురాను మధ్యమమునకు మార్చు ఏర్పాటు, వందలాది తాళముల పట్టిక, ధ్వనిముద్రణ సాధనములు, ఇవి ప్రారంభకునికి అక్కరలేదు. కాని శ్రుతిని సన్నగా సరిచేయు ఏర్పాటును నిపుణుల వస్తువని తీసివేయుట తప్పు. 240 కంపనముల తరువాతి మెట్టు సుమారు 254. బాలుని కంఠము ఈ రెండింటి నడుమ హాయిగా పలుకవచ్చును. గురువుగారి పాత హార్మోనియము కూడ మెట్టుకు కొంచెము అటో ఇటో ఉండవచ్చును. సన్నని సవరణ లేనిచో ఫోను గురువుగారి వాద్యముతో కలియదు. ఇంటివద్ద ఒక శ్రుతి, పాఠములో మరియొక శ్రుతి అగును. నిపుణుడు ఆ తేడాను గుర్తించి సర్దుకొనగలడు. సర్దుకొనలేనివాడు ప్రారంభకుడే. కావున ఈ సౌకర్యము నిపుణునికంటె అతనికే ఎక్కువ అవసరము.

మూడవ విధము హానికరమైనది. తంబురా నాదమునకు బదులు అనుస్వరములు లేని ఒంటి ధ్వనిని వినిపించినచో ఫోనుకు జ్ఞాపకశక్తి కొంత మిగులవచ్చును. చెవికి మిగులునది స్వల్పము. ఫోనులోని చిన్న స్పీకరు 120 కంపనముల ధ్వనిని బలముగా వెలువరింపలేదు. అయినను నిజమైన తంబురా ధ్వనిని ముద్రించి వినిపించినపుడు మంద్ర షడ్జము ఉన్నట్లే తోచును. 240, 360, 480, 600 అను వరుస చెవిని చేరగానే, వాటికి మూలమైన 120ని మెదడు ఊహించుకొనును. ఆ వరుసను తొలగించినచో మూలమును ఊహించుటకు ఆధారము లేదు. స్వయంభూ గాంధారము అసలే లేదు. అనగా చౌక ఫోను గల విద్యార్థికే సంపన్నమైన నాదము మరింత ముఖ్యము.

కీబోర్డులలోని తయారైన పక్కవాద్యమును గూర్చి కూడ ఇచట చెప్పవలెను. 1990లో వెలువడిన బాండ్-ఇన్-ఎ-బాక్స్ అను ప్రోగ్రాములో స్వరసంఘాతముల పేర్లను వ్రాసినచో పియానో, బాస్, డ్రమ్ములు వాటంతటవే మ్రోగును. పాశ్చాత్య సంగీతమునకు అది ఉచితమే; అచట స్వరసంఘాతము మారుచుండుటయే ధర్మము. కాని సరళీ స్వరముల వెనుక అది మ్రోగినచో ఆధారము క్షణక్షణము మారును, షడ్జము నిలువదు. ఇది సులభ ప్రతి కాదు, వేరొక వ్యాకరణము.

తాళము మాట వేరు

శ్రుతి విషయమున చెప్పినది తాళమునకు వర్తింపదు. మృదంగము కూడ సామాన్యమైన వాద్యము కాదు. మామూలు చర్మపు పలక పై ధ్వనులు మూలధ్వనికి 1.59, 2.14, 2.30 రెట్లుగా నుండి శ్రుతికి ఒదుగవు. మృదంగ తబలాల నడుమ నుండు నల్లని పూత వలన అవి పూర్ణసంఖ్యల వరుసకు వచ్చునని రామన్, శివకాళీ కుమార్ 1920లో ‘నేచర్’ పత్రికలో తెలిపిరి. అయినను కర్ణాటక సంగీతము నేర్చుకొను ప్రారంభకునికి మృదంగపు నడకలు అక్కరలేదు. అతని తాళము అతని చేతిలో కలదు. ఆదితాళమునకు ఒక దెబ్బ, మూడు వ్రేళ్లు, మరల దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. మొత్తము 8 అక్షరములు. యంత్రము ఒక్కొక్క అక్షరమునకు చిన్న శబ్దము చేసిన చాలును. నిండైన మృదంగము మ్రోగుచున్నచో బాలుడు దానిపై ప్రయాణికుని వలె సాగిపోవును గాని తాను లయను మోయడు. అయితే నెమ్మదియైన వేగములు తప్పక ఉండవలెను. నిమిషమునకు 60 అక్షరములైనచో ఆదితాళపు ఆవర్తము 8 సెకనులు. 40 అయినచో 12 సెకనులు. మూడు కాలములలో అక్షరమునకు ఒకటి, రెండు, నాలుగు స్వరములు పాడవలసియుండును గనుక ఈ నిదానము లేనిచో మూడవ కాలము పరుగుపందెమగును.

మహారాష్ట్రపు సరిహద్దునకు చేరువనున్న బోధన్‌లో హిందూస్థానీ నేర్చుకొనువారికి సంగతి మరియొక విధము. అచట తబలా ఠేకాయే తాళమునకు ముఖము. 16 మాత్రల తీన్‌తాల్‌లో ఖాలీ వచ్చినదని తెలియునది ఎడమ తబలాయొక్క గంభీరధ్వని ఆగుట వలన. ఆ గంభీరధ్వనియే చిన్న స్పీకరులో సన్నగిల్లును. అట్టి విద్యార్థికి ఠేకాను తగ్గింపరాదు. ఇంటిలోనున్న పెద్ద స్పీకరునకు ఫోనును కలిపి వినుట మేలు.

దీపములు చూపు గురువు

కొన్ని యాప్‌లు పాడువాని స్వరమును కొలిచి, సరిగా నున్నచో పచ్చరంగును, తప్పినచో ఎఱ్ఱరంగును చూపును. పిల్లలకు ఇది ఉత్సాహకరమే. కాని కొలత దేనితో అను ప్రశ్న వేయవలెను. ఒక అర్ధస్వరములో నూరవ వంతును సెంటు అందురు. తంబురాలోని గాంధారము షడ్జమునకు 386 సెంట్ల ఎత్తున ఉండును. 12 సమభాగముల గాంధారము 400. యంత్రము రెండవదానినే ప్రమాణముగా తీసికొన్నచో, తంబురాతో చక్కగా కలిసిన గాంధారము 14 సెంట్లు తప్పినట్లు చూపబడును. ఉదారముగా 30, 40 సెంట్ల తేడాను కూడ ఒప్పుకొన్నచో అపశ్రుతికి కూడ పచ్చదీపమే వెలుగును. అంతకంటె పెద్ద దోషము వేరొకటి కలదు: పాడువాడు వినుట మాని చూచుటకు అలవాటుపడును. వారమునకు ఒకసారి పరీక్షకు ఇట్టి దీపము పనికివచ్చును, నిత్యసాధకమునకు పనికిరాదు.

పాఠశాలలో చేయదగిన పరీక్షలు

ఒక యాప్ ప్రారంభకులకు తగినదో కాదో భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు సంగీతము రాకపోయినను పరీక్షింపవచ్చును. ధ్వని పాఠమునకు ఇవి మంచి ప్రయోగములు కూడ అగును.

మొదటిది: రెండు ఫోనులలో ధ్వనిజనక యాప్‌లనుంచి ఒకదానిలో 600, రెండవదానిలో 605 కంపనముల స్వరము వినిపింపవలెను. విద్యార్థులు సెకనుకు 5 విస్పందనములను గుర్తింతురు. పిదప తంబురా యాప్‌ను 240 షడ్జమునకు వీలైనంత దగ్గరగా అమర్చి, 600 స్వరమును ఒకసారి వినిపించి ఆపివేసి, తంబురాలోనే ఆ గాంధారము వినబడుచున్నదేమో చెవియొగ్గి వినవలెను. వినబడనిచో నాదము పేదది.

రెండవది: ప్రయోగశాలలో 256 కంపనముల శ్రుతిదండము ఉండును. 12 సమభాగముల వరుసలో దీని దగ్గరి మెట్లు సుమారు 246.9, 261.6. సన్నని సవరణ లేని యాప్ ఏ మెట్టున నిలిచినను శ్రుతిదండముతో విస్పందనములు తప్పవు. విస్పందనములు పూర్తిగా ఆగునట్లు శ్రుతిని జరుపుటకు వీలున్నచో ఆ యాప్ ఈ పరీక్షలో నెగ్గినట్లు.

మూడవది: తంబురాను రెండు నిమిషములు నిశ్శబ్దముగా వినవలెను. ముద్రించిన ధ్వని మరల మరల తిరుగునపుడు అతుకువద్ద ‘టక్కు’ మని వినబడినచో అది సాధకమును చెరచును.

నాలుగవది అన్నింటికంటె ముఖ్యమైనది. విద్యార్థి పాడుచుండగా ఒక ఆవర్తము యంత్రమును మూగచేసి మరల పలికింపవలెను. తిరిగి వచ్చినపుడు కంఠము షడ్జముపైనను, చేయి సమముపైనను నిలిచియున్నచో యంత్రము నేర్పినది. చెదరినచో యంత్రము మోసినదే గాని నేర్పలేదు.

కావలసిన ప్రతి

పై విచారణ వలన తేలునది ఇది. ప్రారంభకులకు సులభ ప్రతి కావలెను. కాని సులభము కావలసినది చేతికి, చెవికి కాదు. తెరపై నాలుగు మీటలు చాలును: శ్రుతి, దాని సన్నని సవరణ, వేగము, మూగచేయునది. తక్కినవి లోపల నిద్రించుచు అవసరమైనపుడు మేల్కొనవచ్చును. మీటల పేర్లు తెలుగులోను, ఉర్దూ మరాఠీలలోను ఉన్నచో నిజామాబాదు ప్రాంతపు ఇండ్లలో తలిదండ్రులు కూడ సాయపడగలరు. ఇంటర్నెట్టు లేనప్పుడును పనిచేయవలెను. వెనుక మ్రోగు తంబురా మాత్రము విద్వాంసుని ఫోనులో మ్రోగు తంబురాయే కావలెను. గొప్ప నాదమును డబ్బు చెల్లించినవారికే అట్టిపెట్టి, ఉచిత ప్రతిలో పేద నాదమును పెట్టుట వ్యాపారమునకు లాభము కావచ్చును గాని విద్యకు న్యాయము కాదు.

సంగీతోపాధ్యాయులును విజ్ఞానోపాధ్యాయులును కలిసి ఒక గంట వెచ్చించినచో పాఠశాల విద్యార్థులు వాడు యాప్‌లను ఈ విధముగా పరీక్షించి, తగినదానిని సూచింపవచ్చును. ఒక శ్రుతిదండము, రెండు ఫోనులు ఉన్న చాలును. చెరకు తోటల నడుమ ఇంటిలో ఒంటరిగా సరళీ స్వరములు పాడుకొను బాలికకు మొదటినుండియు నిజమైన గాంధారము వినబడవలెను. అలవాటైన పిదప చెవిని మార్చుట కష్టము.